ప్రొద్దుటూరులో ఆగి ఖోబర్‌లో పూర్తయిన చదువు

బి.కాం. రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికొచ్చిన కొద్ది రోజులకే నాకు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు సౌదీలో ఏసీ టెక్నీషియన్. సెలవు మీద వచ్చాడు, సెలవు ముగిసేలోగా పెళ్ళి జరిగిపోవాలన్నారు. మూడో సంవత్సరం పెళ్ళయ్యాక చదువుకోవచ్చులే అని మా నాయనా, మా మామా ఇద్దరూ అన్నారు. నన్ను ఊరుకోబెట్టడానికి ఆ మాట అన్నారని నేననుకోను. అన్నప్పుడు నిజంగానే అన్నారు. తర్వాత నా వీసా వచ్చింది, విమానం ఎక్కాను, పాప పుట్టింది. నా చదువును ఎవరూ ఆపలేదు. ఎవరూ గుర్తు చేయనూ లేదు. నేను కూడా అడగలేదు.

మేముండేది సౌదీ తూర్పు తీరాన ఖోబర్‌లో, అల్ అజీజియాలో, కింద కిరాణా కొట్టూ లాండ్రీ ఉన్న ఒక పాత బిల్డింగులో. మాది దూదేకుల ఇల్లు. ముస్లిములమే అయినా ప్రొద్దుటూరులో మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. వచ్చిన కొత్తలో బిల్డింగులోని హైదరాబాదు ఆడవాళ్ళు నేను ఉర్దూలో మాట వెతుక్కుంటుంటే ఓపిగ్గా ఎదురుచూసేవాళ్ళు, నేను అటు తిరగ్గానే నవ్వుకునేవాళ్ళు. దాంతో నేను మాట్లాడడమే తగ్గించేశాను. మా ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆ ఏళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బాధపడ్డానని కూడా చెప్పలేను. వండుకున్నాం, తిన్నాం, శుక్రవారాలు సముద్రం ఒడ్డుకు పోయి వచ్చాం.

పాప బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాది, అదే బడిలో ఫీజుల కౌంటరుకు మనిషి కావాలన్నారు. భర్త వీసా మీద వచ్చిన ఆడవాళ్ళు కూడా బళ్ళలో పని చేసుకునేందుకు అప్పటికి పర్మిట్లు ఇస్తున్నారు. అడిగితే ఇచ్చారు. కాగితాల్లో నా ఉద్యోగం ‘హెల్పరు’. చేసే పని మాత్రం వేరే. ఫీజులు తీసుకోవడం, రసీదులివ్వడం, నెలాఖరుకు బ్యాంకులో పడిన దానికీ మా దగ్గరున్న దానికీ పొంతన కుదరకపోతే ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోవడం. ఆ పొంతన కుదిర్చే పని నాకు ఎంత ఇష్టమో అక్కడ కూర్చున్నాకే తెలిసింది. కాలేజీలో అది మార్కుల కోసం చేసిన లెక్క. ఇక్కడ తేడా వెనక ఒక మనిషి ఉండేవాడు. ఇద్దరు పిల్లల ఫీజు ఒకే పేరు మీద కట్టిన తండ్రో, తొందరలో ఒక అంకె తప్పు కొట్టిన తల్లో.

మా హెడ్ అకౌంటెంటు హైదరాబాదు పెద్దాయన. ఎక్కువ మాట్లాడడు. ఒక రోజు టీ తాగుతూ, నువ్వు ఎంతవరకు చదివావమ్మా అని ఉర్దూలో అడిగాడు. చెప్పాను. మూడో సంవత్సరం ఎందుకు ఆగిందని అడగలేదు. తనకూ డిగ్రీ నలభై దాటాకే వచ్చిందన్నాడు. నేను నమ్మలేదు. అప్పుడు విడమరచి చెప్పాడు. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు ఉన్నాయట. నువ్వు ముందు ఎక్కడో చదివి పాసైన సబ్జెక్టుల్ని అవి లెక్కలోకి తీసుకుంటాయి. మిగిలిన వాటిలో చాలావరకు నీ అంతట నువ్వు చదువుకొని పరీక్ష రాస్తే చాలు, ఆ పాసును కూడా కలుపుకుంటాయి. చివర్లో కొన్ని మాత్రం వాళ్ళ దగ్గరే చదవాలి. కాలేజీలో కూర్చుని చదివే దాంట్లో చిన్న భాగం ఖర్చుతో డిగ్రీ చేతికొస్తుంది. “నువ్వు ఇప్పటికే సగం దూరం నడిచి ఉన్నావు. ఆ సగం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది,” అన్నాడాయన.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆయన ఐటీఐ చదివినవాడు. అన్నం తింటూ విని, చెయ్యి కడుక్కొని వచ్చి కూర్చున్నాడు.

“ఇది నిజమైన చదువేనా, లేకపోతే కొట్లలో అమ్మే కాగితమా?”

ఆయన అలా అడగడానికి కారణం ఉంది. పక్క ఊరు దమ్మాములో ఆయనకు తెలిసిన ఒకాయన ఎవరికో డబ్బిచ్చి ఇంజనీరు పట్టా తెప్పించుకొని, దాంతో పెద్ద ఉద్యోగంలో చేరాడు. కొన్నేళ్ళు బాగానే గడిచింది. తర్వాత సర్టిఫికెట్లు పరీక్షించడం మొదలైనప్పుడు పట్టుబడి, ఇల్లూ సామానూ అలాగే వదిలేసి పోవాల్సి వచ్చింది. ఆ కుటుంబాన్ని విమానాశ్రయంలో దింపి వచ్చింది మా ఆయనే.

“దొంగ కాగితమైతే మాత్రం మనకొద్దుమ్మే,” అన్నాడు.

నాకు కోపం రాలేదు. నాకూ అదే భయం. హెడ్ అకౌంటెంటు చెప్పిన విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఎవరిచ్చారో, ఆ ఇచ్చినవాళ్ళకు గుర్తింపు ఎక్కడుందో వెతుకుతూ వారాలు గడిపాను. ఇక్కడ చెల్లుతుందా, ఇండియాలో చెల్లుతుందా అని తెలిసిన ప్రతి చోటికీ మెయిళ్ళు పెట్టాను. కొందరు జవాబివ్వలేదు. ఇచ్చిన వాళ్ళవి బడిలో ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. ఆయన ఇంగ్లీషు నిదానంగా చదువుతాడు. అన్నీ చదివి, మడిచి, టీవీ కింద సొరుగులో పెట్టాడు. “సరే, కానీ,” అన్నాడు. అదే అనుమతి.

ముందు పని పాత మార్కులు తెప్పించడం. ఆ భారం మా తమ్ముడి మీద పడింది. వాడు ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే కొట్టు నడుపుతాడు. నా మార్కుల జాబితా మా కాలేజీ నుంచి కాదు, విశ్వవిద్యాలయం నుంచి నేరుగా, సీలు వేసిన కవరులో పోవాలి. వాడు కొట్టు మూసి తిరుపతి బస్సెక్కాడు. అక్కడివాళ్ళు ముందు కాలేజీ ఉత్తరం తెమ్మన్నారు. కాలేజీలో గుమాస్తా సెలవులో ఉన్నాడు. ఇదంతా అయ్యాక, ఒక్కో సబ్జెక్టులో ఏమేం చెప్పారో ఆ సిలబస్ కూడా కావాలని అమెరికా నుంచి మెయిలొచ్చింది. మా కాలం నాటి సిలబస్ కాలేజీలో ఎవరి దగ్గరా లేదు. తమ్ముడు విసుక్కుంటాడనుకున్నాను. “మీ స్టాటిస్టిక్స్ సార్ రిటైరై ఇంట్లోనే ఉండాడంట. పోయి అడిగి చూచ్చా,” అన్నాడు.

సారు దగ్గర ఉంది. అట్టపెట్టెలో, మా బ్యాచీదీ, ముందువీ వెనకవీ అన్నీ. జిరాక్సు తీసుకోమని ఇచ్చి, ఎవరికోసమని అడిగాడట. నా పేరు చెబితే కొంతసేపు ఆలోచించి, “మొదటి బెంచీలో కూర్చుని ఆవలించే అమ్మాయి గదా,” అన్నాడట. తమ్ముడు ఆ మాట ఫోనులో చెప్పి పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఒక మనిషి నన్ను చదువుకునే పిల్లగా గుర్తు పెట్టుకున్నాడన్నది మాత్రం ఆ రోజంతా నాతోనే ఉంది, ఆవలింతలతో సహా.

కొన్ని నెలలకు ఫలితం వచ్చింది. నా రెండేళ్ళ చదువులో ఏవి చెల్లుతాయి, ఏవి చెల్లవు అని. ఫైనాన్షియల్ అకౌంటింగు తీసుకున్నారు. స్టాటిస్టిక్సు తీసుకున్నారు. ఇంగ్లీషు తీసుకున్నారు. నేను రాత్రింబవళ్ళు చదివి మంచి మార్కులు తెచ్చుకున్న వాణిజ్య చట్టం వద్దన్నారు. అది మన దేశపు చట్టం, వాళ్ళకు పనికిరాదు. విచిత్రమేమిటంటే, పాసైతే చాలనుకొని పరీక్ష ముందు రోజు తిరగేసిన తెలుగు పేపరును పూర్తిగా తీసుకున్నారు. విదేశీ భాష కింద. నేను ఆ మాటను మళ్ళీ మళ్ళీ చదివాను. మా అమ్మ నన్ను తిట్టిన భాష, మా ఆయనతో నేను పోట్లాడే భాష, అమెరికాలో ఎవరికో విదేశీ భాష అయి నా డిగ్రీకి సాయపడింది. మనిషి బతికినదాంట్లో ఏది తర్వాత పనికొస్తుందో బతికేటప్పుడు తెలియదని ఆ రోజు అనిపించింది. ఏది తీసుకోవాలన్నది మన చేతిలో లేదు. మిగిలినది చదవడం మన చేతిలో ఉంది.

చదువు తెల్లవారుజామున ఫజరు నమాజు తర్వాత, పాప లేచేలోగా. అది ఇంట్లో ఎవరికీ నాతో పనిలేని వేళ. మొదటి పరీక్ష మేనేజ్‌మెంటు. ఇంట్లోనే, కంప్యూటరు ముందు కూర్చుని రాయాలి. ఎక్కడో దూర దేశంలో కూర్చున్న ఒక పర్యవేక్షకుడు కెమెరాలో చూస్తుంటాడు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. తలుపు తెరవకూడదు. మధ్యలో లేవకూడదు. గదంతా, బల్ల కిందా, గోడల మీదా కెమెరా తిప్పి చూపమన్నాడు. చూపించాను. తర్వాత చెవులు చూపమన్నాడు, చెవుల్లో ఏమైనా పెట్టుకున్నానేమోనని. నేను తలకు బట్ట కట్టుకొని ఉన్నాను. చెయ్యి ఆ బట్ట దాకా వచ్చి ఆగిపోయింది. అతను తప్పుగా ఏమీ అడగలేదు. అందరినీ అడిగేదే నన్నూ అడిగాడు. అయినా నా వల్ల కాలేదు. ఆడమనిషిని పిలవండి, ఆమెకు చూపిస్తాను అని ఇంగ్లీషులో టైపు చేశాను. చాలాసేపు ఏ జవాబూ రాలేదు. పరీక్ష పోయిందనే అనుకున్నాను. ఆ తర్వాత ఒక ఆడగొంతు వినపడింది. ఆమె చూసి, థాంక్యూ మేడం అంది. పాసయ్యాను, కానీ ఆ పరీక్షలో ప్రశ్నలేవీ నాకిప్పుడు గుర్తు లేవు. ఆ ఎదురుచూపే గుర్తుంది.

మరోసారి బిల్డింగు నీళ్ళ మోటారు మా కిటికీ కిందే మోగి, శబ్దం వస్తోందని హెచ్చరిక వచ్చింది. ఆ తర్వాత పరీక్ష ఉన్నప్పుడల్లా ముందే హారిస్‌కు చెప్పేదాన్ని. హారిస్ అంటే బిల్డింగు కాపలాదారు. జగిత్యాల వైపు మనిషి, మా బిల్డింగులో మెట్లు తుడిచేదీ మోటారు వేసేదీ అతనే. ఏం పరీక్ష అని అడిగితే డిగ్రీ పరీక్షన్నా అని చెప్పాను.

“మా దిక్కు పోరగాండ్లు డిగ్రీ కాంగనే దుబాయ్ పోత అంటరు. మీరు ఈడికొచ్చి డిగ్రీ అంటున్రు,” అన్నాడు. తర్వాత, “మోటర్ పొద్దుగాలనే ఏసి పెడత తియ్యిండ్రి. మంచిగ రాయుండ్రి,” అని చీపురు పట్టుకొని పైకి పోయాడు.

మా ఆయన పరీక్ష రోజుల్లో పాపను తీసుకొని సముద్రం ఒడ్డుకు పోయేవాడు. ఎంత ఎండైనా సరే. కానీ ఆ రోజుల్లోనే ఒక సంగతి జరిగింది. ఒక శుక్రవారం ఆయన స్నేహితులు భోజనానికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన, ఇంగ్లీషు క్లాసులు ఎట్లున్నాయి వదినా అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మా ఆయన వైపు చూశాను. ఆయన పెరుగు గిన్నె వైపు చూస్తున్నాడు. బాగున్నాయన్నా అని చెప్పాను. అందరూ పోయాక అడిగాను, డిగ్రీ చదువుతోందని చెప్పడానికి సిగ్గా అని. ఒకవేళ నువ్వు పాస్ కాకపోతే నలుగురిలో నీ మాట తేలికైపోతుందని చెప్పలేదు అన్నాడు. నా కోసం దాచాడో, తన కోసం దాచాడో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసి ఉండదు. నేను రెట్టించలేదు. ఆ మాట మాత్రం చాలా రోజులు గుచ్చుకుంది.

తర్వాత ఆయనను కంపెనీ ఖఫ్జీకి పంపింది. కువైట్ సరిహద్దు దగ్గర, చమురు పనులు జరిగే ఊరు. అక్కడ క్యాంపులో ఏసీల పని, కొన్ని నెలలు. నేనూ పాపా మిగిలాం. ఆ సమయంలోనే నాకు అన్నిటికంటే కష్టమైన పేపరు వచ్చింది, అమెరికా ఆదాయపన్ను. జీతం మీద పన్నే లేని దేశంలో కూర్చుని, ఎప్పుడూ చూడని దేశంలో ఎవరు ఎంత పన్ను కట్టాలో నేర్చుకోవాలి. పుస్తకంలో లెక్కలన్నీ కుటుంబాల గురించే. భార్యాభర్తలు విడిపోయారు, పిల్లవాడు సగం రోజులు తల్లి దగ్గరుంటాడు, ఇంటి అప్పుంది, ముసలి తల్లిని పోషిస్తున్నారు, పన్నులో ఎవరికి ఎంత మినహాయింపు? మొదట్లో లెక్క చేయబోయి ఆ పిల్లవాడి గురించి ఆలోచిస్తూ ఉండిపోయేదాన్ని. వారాలు గడిచాక ఆ ఇళ్ళన్నీ నాకు పక్కిళ్ళలా అలవాటయ్యాయి.

పరీక్ష రోజు పాపను ఎదురింటి సూడాన్ ఆమె దగ్గర వదిలాను. మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆమె అరబ్బీ నాకు సగం అర్థమవుతుంది, నా అరబ్బీ ఆమెకు ఇంకా తక్కువ. అయినా పిల్లలు కలిసి ఆడుకునేవాళ్ళు, కూరలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. పరీక్ష సగం దాటింది. లెక్కలు వస్తున్నాయి. ఈసారి మంచి మార్కులే వస్తాయనుకుంటున్నాను. అంతలో తలుపు చప్పుడైంది. కదలలేదు. మళ్ళీ కొట్టారు, ఈసారి గట్టిగా, సూడాన్ ఆమె గొంతుతో కలిసి. ఆమె మాటల్లో నాకు అర్థమైంది ఒక్కటే, రక్తం.

లేచాను. కంప్యూటరులోంచి ఎవరో కూర్చోండి మేడం అంటూనే ఉన్నారు. తలుపు తీస్తే పాప గడ్డం కింద తువ్వాలు పెట్టుకొని ఉంది. మెట్ల మీద ఆడుతూ జారి పడింది. తువ్వాలు ఎర్రగా ఉంది. పాప ఏడవడం లేదు. నన్ను చూశాక ఏడ్చింది. హారిస్ పరుగున వచ్చి టాక్సీ ఆపాడు. సూడాన్ ఆమె తన పిల్లల్ని ఇంట్లో పెట్టి తాళం వేసి మాతో వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు కుట్లు వేస్తున్నంతసేపూ నేను పాప చేయి పట్టుకున్నాను, ఆమె నా భుజం పట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి కంప్యూటరు తెర మీద, నియమం తప్పినందువల్ల పరీక్ష రద్దయిందని ఉంది. మూసేశాను.

మా ఆయన ఫోను చేసినప్పుడు పాప నిద్రపోతోంది. జరిగింది చెప్పి, ఇక చదవనన్నాను. బిడ్డను మెట్ల మీద వదిలేసి చదివే చదువు నాకొద్దు అన్నాను. ఆయన సరే మానేయ్ అంటాడని ఎదురుచూశాను. అనాలనే కోరుకున్నానేమో కూడా.

“నువ్వు లేసి తలుపు తీసినావు గదా,” అన్నాడు. “ఇంగ దేనికి ఏడుస్తాండావు? కుట్లు మానిపోతాయి. పరీక్ష మల్లా రాయి. నేనొస్తా.”

అన్నట్టే వచ్చాడు. మళ్ళీ రాయడానికి అనుమతి దొరికిన వారం, గురువారం పని కాగానే ఎవరి బండిలోనో ఖఫ్జీ నుంచి బయల్దేరాడు. మనిషి నల్లబడి, చిక్కిపోయి ఉన్నాడు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక పాపను తీసుకొని కిందికి దిగాడు. నేను కూర్చుని రాశాను. మధ్యలో ఒకసారి సాయంత్రపు అసరు నమాజుకు అజాన్ వినిపించింది. శబ్దం ఏమిటని పర్యవేక్షకురాలు అడిగింది. మసీదు అని టైపు చేశాను. మీరు రాసుకోండి అంది. పరీక్ష ముగించగానే తెర మీదే ఫలితం వస్తుంది. చూసి, కంప్యూటరు మూసి లేచాను.

వాళ్ళు తిరిగొచ్చినప్పుడు ఇద్దరి చెప్పుల నిండా ఇసుక. ఆయన అడగలేదు. నేనే పాసైనానని చెప్పాను. తలూపి, వంటింట్లోకి పోయి టీకి నీళ్ళు పెట్టాడు. ఆ రాత్రే ఖఫ్జీకి తిరిగి పోయాడు. కొన్ని రోజులకు నాకు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అనంతపురం అబ్బాయి, ఖఫ్జీ క్యాంపులో స్టోరుకీపరు. “అక్కా, నాది డిగ్రీ మధ్యలో ఆగిపోయినాది. అన్న మిమ్మల్ని అడగమన్యాడు,” అన్నాడు. నేను చెప్పగలిగింది చెప్పాను. ఫోను పెట్టాక నా లోపల గుచ్చుకుంటూ ఉన్నదేదో లేదని గమనించాను. దాని గురించి మా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు.

చివరి సబ్జెక్టులు విశ్వవిద్యాలయం దగ్గరే చదివాను. అవీ ఇంట్లోంచే, కాకపోతే ఒక అధ్యాపకురాలు ఉండేది, రాసింది దిద్దేది. నా వాక్యాలు మరీ పొడుగని రాసేది. పట్టా కొరియరులో బడి చిరునామాకు వచ్చింది. అప్పటికి మా హెడ్ అకౌంటెంటు ఉద్యోగం ముగించుకొని, ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా హైదరాబాదు పోయాడు. ఫోటో తీసి పంపాను. జవాబుగా ఆయన దువా చదువుతున్న గొంతు వచ్చింది, వెనకాల మనవళ్ళ అల్లరి.

ఇక్కడ చెల్లడానికి పట్టాకు వేయించాల్సిన ముద్రలన్నీ వేయించాను. ఖాళీ అయిన ఆయన కుర్చీ కాకపోయినా, అకౌంటెంటు అన్న మాట నా కాగితాల్లోకి వస్తుందని ఆశపడ్డాను. ప్రిన్సిపాల్ పిలిచి కూర్చోబెట్టింది. అభినందించింది. తర్వాత, ఆ ఉద్యోగాలు ఇకపై ఈ దేశపు వాళ్ళకే ఇవ్వాలని నియమం వచ్చిందని, ఒక అమ్మాయిని తీసుకున్నామని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె నా కళ్ళలోకి చూడలేదు. వాళ్ళ దేశం, వాళ్ళ పిల్లలకు పని కావాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. నిజమని తెలిసినంత మాత్రాన బాధ తగ్గలేదు. ఆ సాయంత్రం అన్నం పెట్టుకొని తినలేక మూత పెట్టేశాను.

వచ్చిన అమ్మాయి దమ్మాము నుంచి రోజూ కారు నడుపుకొని వచ్చేది. కొత్తగా డిగ్రీ అయినది, నెమ్మదస్తురాలు. మొదటి వారం ఆమె అడిగింది చెప్పాను, అడగనిది చెప్పలేదు. టర్ము మొదలైంది. కౌంటరు ముందు తల్లిదండ్రుల గుంపు. అన్నదమ్ములకిచ్చే తగ్గింపు కంప్యూటరులో తప్పుగా పడుతోంది. ఒకాయన ఆమె మీద గొంతు పెంచాడు. ఆమె ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూశాక నేను కుర్చీ పక్కకు జరుపుకొని కూర్చున్నాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఇద్దరం కలిసి ఒక్కో ఇంటి లెక్కా సరిచేశాం.

మీరు ఎక్కడ చదివారని ఆమె ఇంగ్లీషులో అడిగింది. రెండేళ్ళు ఇండియాలో, మిగతాది మా ఇంట్లో అని చెప్పి, జరిగినదంతా చెప్పాను, చెవుల సంగతితో సహా. ఆమె నవ్వలేదు. నేనైతే ఏం చేసేదాన్నో అంది. తర్వాత నెల నుంచి నెలాఖరు లెక్కల మీద తన సంతకం పక్కన నా సంతకం కూడా ఉండాలని ప్రిన్సిపాల్‌ను అడిగి ఒప్పించింది. నాకు చెప్పలేదు. కాగితం నా ముందుకు వచ్చాకే తెలిసింది. కొన్నాళ్ళకు నా కాగితాల్లో ‘హెల్పరు’ పోయి ‘అసిస్టెంటు’ వచ్చింది. జీతం కొంచెం పెరిగింది.

ఈ చదువు వల్ల ఏం వచ్చిందని ఊరికి పోయినప్పుడు అడుగుతారు. అనుకున్నది రాలేదు. వచ్చినదాన్ని చెప్పడం నాకు ఇంకా సరిగా చేతకాదు. బిల్డింగులో ఆడవాళ్ళతో నా ఉర్దూ ఇప్పటికీ అంతంతమాత్రమే, కానీ మాట వెతుక్కునేటప్పుడు తల దించుకోవడం మానేశాను. అది చదువు వల్లనో, వయసు వల్లనో.

బడిలో నాతో పనిచేసే ఆ దమ్మాము అమ్మాయి ఇప్పుడు అకౌంటెంట్ల వృత్తి పరీక్షకు చదువుతోంది. నన్నూ చదవమని పట్టుబట్టి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నం పిల్లలు ఇళ్ళకు పోయాక కౌంటరు షట్టరు దించి, ఆమె ఖర్జూరాలూ, గహ్వా అనే అరబ్బు కాఫీ తెస్తుంది, నేను మిరపకాయ బజ్జీలు తెస్తాను. మొన్న బస్సు తరుగుదల లెక్క ఒకటి వచ్చింది. పాతది అమ్మి కొత్తది కొంటే ఏ నెల నుంచి తరుగు రాయాలని. నేనొకటన్నాను, ఆమె ఒకటంది. ఆమె అరబ్బీలో వాదిస్తుంది, నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి కోపమొచ్చాక తెలుగులోకి దిగుతాను. చివరికి పుస్తకం తెరిచి చూశాం. ఆమెదే సరి. మళ్ళీ మొదటినుంచి చేద్దామని పెన్సిలు అందుకున్నాను.